మోకాలు వాచిందా? మాత్ర వేసుకునే ముందు ఈ వరసలో చూడండి

మోకాలు వాచిందనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న ‘ఏ మాత్ర వేసుకోవాలి?’ అని. దానికి జవాబు కింద ఆరో భాగంలో ఉంది, అంతకంటే ముందు రాదు. ముందు తేలాల్సినవి మూడు. వాపు కీలు లోపలా, బయటా? ఎంతసేపట్లో వచ్చింది? చెయ్యి పెడితే వేడిగా తగులుతోందా? ఇవి తెలిస్తే ఇంట్లోనే చూసుకోవచ్చో, రెండు మూడు రోజుల్లో డాక్టరు దగ్గరికి వెళ్లాలో, ఉన్నపళంగా బయల్దేరాలో తేలిపోతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- దర్జీ టేపు, పెన్ను, కాగితం
- థర్మామీటరు
- 6 అంగుళాల వెడల్పున్న క్రేప్ బ్యాండేజీ
- ఐస్ ముక్కలు, పలచటి తువ్వాలు
- రెండు మూడు దిండ్లు
- ఇప్పుడు వాడుతున్న మందులన్నీ (బీపీ, షుగరు, రక్తం పలచబరిచేవి సహా)

## 1. ముందు ప్రమాద సంకేతాలు

కింద వాటిలో ఒక్కటి ఉన్నా మిగతా భాగాలు చదువుతూ కూర్చోవద్దు. ఆసుపత్రికి వెళ్లండి.

- మోకాలు ఎర్రగా, వేడిగా ఉండి, కొంచెం కదిపినా ప్రాణం పోతున్నంత నొప్పి. జ్వరం, చలి తోడైతే కీలులో చీము పట్టిందనే అనుకోవాలి.
- దెబ్బ తగిలాక నాలుగు అడుగులు కూడా వేయలేకపోవడం, మోకాలి ఆకారం మారిపోవడం.
- ఒక పిక్క మాత్రమే వాచి బిగుసుకుపోవడం. ఆపరేషన్, కాన్పు, సిమెంటు కట్టు, రోజుల తరబడి మంచం మీద ఉండటం, సుదూర ప్రయాణం వీటిలో ఏదైనా ఈమధ్య జరిగి ఉంటే మరీ జాగ్రత్త. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.
- పిక్క వాపుతో పాటు ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వెంటనే 108కి, వేరే చోట అక్కడి అత్యవసర నంబరుకు ఫోన్ చేయాలి.
- కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, భరించలేని నొప్పి. ధమని మూసుకుపోతే కాలు దక్కించుకోవడానికి ఉండే వ్యవధి గంటల్లోనే.
- నడుము నొప్పితో పాటు రెండు కాళ్లూ బలహీనపడటం, తొడల మధ్య మొద్దుబారడం, మూత్రం రాకపోవడం.
- పిల్లలు జ్వరంతో ఉండి కాలు కింద మోపకపోవడం.

చీము విషయం ఇంకొంచెం చెప్పాలి. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. కీలులోకి బ్యాక్టీరియా చేరితే కొద్ది రోజుల్లోనే మృదులాస్థిని, అంటే మనం గుజ్జు అనేదాన్ని, తినేస్తుంది. పోయిన గుజ్జు తిరిగి రాదు. షుగరున్నవాళ్లు, పెద్ద వయసువాళ్లు, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లలో జ్వరం కనిపించకపోవచ్చు. మోకాలు మార్పిడి చేయించుకున్నవాళ్లు, ఈమధ్యే మోకాలిలో ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు జ్వరం లేదు కదా అని ఆగకూడదు.

## 2. వాపు ఎక్కడుందో తేల్చుకోవడం

మంచం మీద వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్లూ తొడ సగం వరకు బయటకు కనిపించేలా పెట్టండి. కండరాలు వదులుగా ఉండాలి. ఇంకొకరు చూస్తే తేలిక. ప్రతిదీ రెండో కాలితో పోల్చండి.

ముందు టేపుతో మూడు చోట్ల చుట్టుకొలత తీసుకోండి:

- మోకాటి చిప్ప సరిగ్గా మధ్యలో
- చిప్ప పై అంచుకు 10 సెంటీమీటర్ల పైన, తొడ దగ్గర
- చిప్ప కింద తగిలే ఎముక బొడిపెకు 10 సెంటీమీటర్ల దిగువన, పిక్క దగ్గర

రెండు కాళ్ల కొలతలూ తేదీ, సమయంతో రాసి పెట్టండి. రెండో పిక్క కంటే ఈ పిక్క 3 సెంటీమీటర్లకు మించి లావుగా ఉంటే రక్తం గడ్డ గురించి ఆలోచించాల్సిందే. తొడ సన్నబడి ఉంటే ఈ మోకాలి బాధ నిన్న మొన్నటిది కాదని అర్థం.

లోపల నీరుందా? మోకాలి లోపలి పక్క, చిప్ప అంచు దగ్గర మామూలుగా చిన్న పల్లం ఉంటుంది. అరచేత్తో ఆ పక్కన కింది నుంచి పైకి రెండు మూడుసార్లు నిమరండి. వెంటనే బయటి పక్క పై నుంచి కిందికి ఒకసారి నిమరండి. ఖాళీ అయిన పల్లం మళ్లీ ఉబ్బితే లోపల కొద్దిగా నీరున్నట్టే.

నీరు ఎక్కువుంటే ఆ పల్లం అసలు కనిపించదు. అప్పుడు ఒక చేత్తో చిప్పకు పైనున్న తొడ భాగాన్ని కిందికి అదిమిపట్టి, రెండో చేతి వేళ్లతో చిప్పను నిలువుగా నొక్కండి. చిప్ప లోపలికి దిగి ఎముకకు టక్కున తగిలి మళ్లీ తేలుతుంది. ఆరోగ్యంగా ఉన్న మోకాలిలో ఉండేది కొద్ది మిల్లీలీటర్ల నీరే. అది ఇలా చేతికి దొరకదు.

చిప్ప పైనే గుడ్డులా ఉబ్బిందా? మోకాలు బాగానే ముడుచుకుంటుంటే అది కీలు వాపు కాదు, చిప్ప మీదుండే చిన్న సంచి వాపు. మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ వేసేవాళ్లలో, నేల తుడిచేవాళ్లలో ఎక్కువ. మోకాలు ఆనించడం మానేసి ఐస్ పెడితే చాలావరకు తగ్గుతుంది. ఎర్రబడి వేడెక్కితే చర్మం పగుళ్లలోంచి సూక్ష్మజీవులు చేరినట్టు, డాక్టరుకు చూపించాలి.

వెనక గుంటలో ఉబ్బిందా? మోకాలి లోపలి నీరు వెనక్కి నెట్టుకుని తిత్తిలా ఏర్పడుతుంది. తిత్తిని మాత్రమే తీయించుకుంటే మళ్లీ వస్తుంది. నీరు ఎందుకు పడుతోందో దానికి వైద్యం జరగాలి. ఈ తిత్తి పగిలితే నీరు పిక్కలోకి జారి, పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి పుడుతుంది. రక్తం గడ్డకట్టినా అచ్చం ఇలాగే ఉంటుంది. చూపుతో తేడా చెప్పడం డాక్టరుకూ కష్టమే, సిరల్లో రక్తం పారుతోందో లేదో చూపించే డాప్లర్ స్కాన్ కావాలి.

కాలంతా వాచిందా? పిక్క ముందున్న ఎముక మీద బొటనవేలితో 10 సెకన్లు నొక్కి తీయండి. గుంట పడితే అది చర్మం కింద చేరిన నీరు, మోకాలి జబ్బు కాదు. రెండు కాళ్లకూ ఉంటే గుండె, కిడ్నీ, కాలేయం, థైరాయిడ్ పరీక్షలు కావాలి. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర కూడా చీలమండల దగ్గర ఇలాంటి వాపు తెస్తుంది. మాత్ర మీరే ఆపేయకుండా డాక్టరుకు చెప్తే మార్చి ఇస్తారు. ఒక్క కాలికే ఉంటే సిరల జబ్బు, ఇన్ఫెక్షన్, బోదకాలు లాంటివి చూడాలి.

## 3. ఎంతసేపట్లో వచ్చింది?

డాక్టరు అడిగే ప్రశ్నల్లో దీనికున్నంత విలువ మరోదానికి లేదు. ‘దెబ్బ తగిలాక వాచింది’ అంటే సరిపోదు. దెబ్బకీ వాపుకీ మధ్య ఎన్ని గంటలో చెప్పాలి.

రెండు గంటల్లోపు: కీలులో రక్తం చేరిందని అనుమానం. కబడ్డీలోనో షటిల్ ఆటలోనో కాలు మెలిపడి ‘టప్’ మని శబ్దం వచ్చి, ఆట అక్కడే ఆగిపోతే మోకాలి మధ్య లిగమెంటు (ఎముకల్ని కట్టి ఉంచే పట్టీ) తెగి ఉండొచ్చు. ఎముక విరిగినా, చిప్ప పక్కకు జారినా ఇంతే వేగంగా వాస్తుంది. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లలో చిన్న దెబ్బకూ ఇలా కావచ్చు. మగపిల్లల్లో దెబ్బ లేకుండానే మోకాలు పదే పదే వాస్తుంటే హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) పరీక్ష చేయించాలి.

మర్నాటికి: రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగినప్పుడు వాపు నెమ్మదిగా వస్తుంది. మోకాలు మధ్యలో పట్టేసి పూర్తిగా చాపలేకపోతే ఆ చిరుగు ముక్క అడ్డుపడి ఉండొచ్చు. బలవంతంగా చాపకండి, వారంలోపు ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి.

దెబ్బ లేకుండా రాత్రికి రాత్రి: గౌట్ లేదా చీము. గౌట్ అంటే యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీలులో చేరి వచ్చే వాపు, సాధారణంగా కాలి బొటనవేలితో మొదలవుతుంది కానీ మోకాలికీ వస్తుంది. పెద్ద వయసువాళ్లలో కాల్షియం స్ఫటికాల వల్ల కూడా ఇలాగే వాస్తుంది. పైకి మూడూ ఒకేలా ఉంటాయి, నీరు తీసి చూస్తేనే తేలుతుంది.

వారాలు, నెలల మీద: 50 దాటినవాళ్లలో ఎక్కువగా గుజ్జు అరుగుదలే. పొద్దున లేచాక బిగుతు అరగంటలోపు వదిలి, నడిచేకొద్దీ నొప్పి పెరిగితే అరుగుదల వైపు మొగ్గు. బిగుతు గంటసేపు వదలకుండా చేతివేళ్ల కీళ్లు కూడా వాస్తుంటే రుమటాయిడ్ కీళ్లవాతం గురించి రుమటాలజిస్టును (కీళ్లవాతాల నిపుణుణ్ని) కలవాలి. ఒక్క మోకాలే నెలల తరబడి వాచి ఉండి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కీలు క్షయను మరవకూడదు. మన దేశంలో అది అరుదైన సంగతేం కాదు.

జ్వరం తగ్గాక: చికున్‌గన్యా తరవాత కీళ్ల నొప్పులు నెలల తరబడి ఉండొచ్చు. 2006లో ఆ జ్వరం ఊళ్లను చుట్టేసినప్పుడు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చాలామంది ఇది అనుభవించారు.

## 4. నొప్పి పుట్టేది మోకాలిలోనేనా?

మోకాలు నొప్పి అంటూ వచ్చే వాళ్లందరికీ జబ్బు మోకాలిలోనే ఉండదు. ఒక్క వేలితో నొప్పి ఉన్న చోటు చూపించండి.

- చిప్ప చుట్టూ, మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు: చిప్ప వెనక ఒత్తిడి. తొడ ముందు కండరం బలపడితే తగ్గేది.
- లోపలి పక్క, కీలు గీత మీదే: అరుగుదల లేదా మెనిస్కస్.
- లోపలి పక్కే, కానీ కీలుకు మూడు నాలుగు వేళ్ల కింద: అక్కడ తొడ కండరాల స్నాయువుల కింద ఉండే సంచి వాపు. ఎక్స్‌రేలో అరుగుదల కనిపించిందని నొప్పంతా దానికే అంటగడుతుంటారు.
- గజ్జల్లో నొప్పి, బాసింపట్టు వేయలేకపోవడం: తుంటి కీలు చూపించాలి. తుంటి నొప్పి మోకాలిలో పలుకుతుంది. 10 నుంచి 16 ఏళ్ల పిల్లలు మోకాలు నొప్పని కుంటుతుంటే మోకాలి ఎక్స్‌రేతో ఆపకుండా తుంటి కూడా తీయించాలి. తుంటి బంతి జారే జబ్బు ఇలాగే దొరక్కుండా పోతుంది.
- నడుము నుంచి పిర్ర మీదుగా పాదం దాకా లాగడం, తిమ్మిరి: వెన్నులో నరం నొక్కుకోవడం.
- కొంతదూరం నడవగానే పిక్క పట్టేసి, నిలబడగానే వదలడం: ధమనుల్లో పూడిక. పొగతాగేవాళ్లలో, షుగరున్నవాళ్లలో ఎక్కువ. నిలబడితే వదలక, కూర్చున్నా ముందుకు వంగినా మాత్రమే వదిలితే వెన్నులో నరాలు వెళ్లే దారి సన్నబడటం.
- రెండు పాదాల్లో మంటలు, సూదులు గుచ్చినట్టు, రాత్రిళ్లు ఎక్కువ: షుగరు వల్ల నరాల జబ్బు.

నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకు వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోయి నొప్పులొస్తాయి. పుట్టి పెరిగిన ఊరు, తాగిన నీళ్లు డాక్టరుకు చెప్పండి. అడక్కపోయినా చెప్పండి.

## 5. మొదటి 72 గంటలు ఇంట్లో చేయాల్సింది

ఇది ప్రమాద సంకేతాలు లేనివాళ్లకు మాత్రమే.

విశ్రాంతి. మంచం పట్టడం కాదు. మెట్లు, గొంతుకు కూర్చోవడం, బరువులు మానేసి ఇంట్లో అవసరానికి నడవడం. నడిస్తే కుంటు వస్తుంటే చేతికర్ర తీసుకోండి.

ఐస్. ముక్కల్ని తడి తువ్వాలులో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు. మెలకువగా ఉన్నంతసేపు రెండు మూడు గంటలకోసారి. నేరుగా చర్మానికి తగలకూడదు. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్లు 10 నిమిషాలు దాటించకుండా, మధ్యలో చర్మం రంగు చూసుకోవాలి. కాళ్లకు రక్తప్రసరణ సరిగా లేనివాళ్లు ఐస్ జోలికి వెళ్లకూడదు.

కట్టు. పిక్క మధ్య నుంచి మొదలుపెట్టి తొడ మధ్య దాకా పైకి చుట్టాలి. ప్రతి చుట్టూ కింది చుట్టును సగం కప్పాలి. బ్యాండేజీని సాగేదాంట్లో సగం మాత్రమే సాగదీయండి. చుట్టాక కాలి గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎర్రదనం తిరిగి రావాలి. వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా విప్పి వదులుగా కట్టండి. నిద్రపోయేటప్పుడు తీసేయండి. రక్తం గడ్డ అనుమానం ఉన్న కాలికి, ధమనుల జబ్బున్న కాలికి కట్టు వద్దు.

ఎత్తు. పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి. దిండ్లు మడమ నుంచి తొడ దాకా కాలంతటి కిందా పెట్టండి. మోకాలి కింద ఒక్కటే పెడితే అప్పటికి హాయిగా ఉంటుంది, కానీ మోకాలు వంగిన చోటే బిగుసుకుపోయి తరవాత చాపలేరు. ఇది చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

కదలిక. పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం గంటకోసారి, 20 సార్లు. పిక్కలో రక్తం నిలవదు.

ఈ మూడు రోజులు వద్దనేవి: వేడి కాపడం, నూనె రుద్ది మర్దనా చేయడం, మద్యం, పరుగు. ఎక్స్‌రే తీయించకుండా గట్టిగా బిగించే నాటు కట్టు అసలు వద్దు. లోపల ఎముక విరిగి వాపు పెరుగుతుంటే ఆ బిగువుకు కాలికి రక్తం అందకుండా పోతుంది.

వేడి కాపడం ఎప్పుడు? మోకాలు చేతికి వేడిగా తగలడం మానేశాక. అరుగుదల వల్ల వచ్చే పొద్దుటి బిగుతుకు గోరువెచ్చని కాపడం 15 నిమిషాలు బాగా పనిచేస్తుంది. వేడెక్కి వాచిన రోజున మాత్రం మళ్లీ చల్లదనమే.

## 6. మాత్రలు, జెల్

పూత మందుతో మొదలుపెట్టండి. అరుగుదల నొప్పికి 1 శాతం డైక్లోఫెనాక్ జెల్ ఒక మోకాలికి ఒకసారికి 4 గ్రాములు, రోజుకు నాలుగుసార్ల దాకా. చాలామంది బఠాణీ గింజంత రాసి పనిచేయలేదంటారు. పగిలిన చర్మానికి రాయకూడదు, పైన వేడి కాపడం పెట్టకూడదు.

పారాసిటమాల్. పెద్దవాళ్లకు 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్ర, రెంటి మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు. 24 గంటల్లో అన్నీ కలిపి 4 గ్రాములు దాటకూడదు. బక్కపలచగా ఉన్నవాళ్లకు, కాలేయ జబ్బున్నవాళ్లకు, రోజూ తాగేవాళ్లకు హద్దు ఇంకా తక్కువ, డాక్టరును అడగాలి. డెంగీ, చికున్‌గన్యా కాలంలో జ్వరంతో కీళ్లు నొప్పెడితే ఇదొక్కటే. డెంగీ కాదని తేలేదాకా ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ముట్టుకోవద్దు, రక్తస్రావం ప్రమాదం ఉంది.

నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్, నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్ అన్నీ ఒకే కుటుంబం. వీటిలో రెండు కలిపి వేసుకుంటే నొప్పి రెట్టింపు తగ్గదు, కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బతినడం మాత్రం పెరుగుతాయి. మాత్ర అట్ట వెనక పేర్లు చదవండి. ఎసిక్లోఫెనాక్‌తో పారాసిటమాల్ కలిపిన మాత్ర మన దుకాణాల్లో మామూలు. దానికి తోడు జ్వరం మాత్ర వేసుకుంటే పారాసిటమాల్ తెలియకుండానే రెండింతలవుతుంది.

డాక్టరు చెప్పకుండా ఈ కుటుంబం నొప్పి మాత్రలు వేసుకోకూడనివాళ్లు:

- కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు
- గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు
- కడుపులో పుండు, రక్తపు వాంతి, నల్ల విరేచనం ఎప్పుడైనా అయినవాళ్లు
- రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు
- గర్భిణులు
- టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్రతో పాటు మూత్రం ఎక్కువ పోయించే మాత్ర కూడా వాడేవాళ్లు

చివరి వరసలో చెప్పిన రెంటికీ నొప్పి మాత్ర తోడై, ఎండలో పనిచేసి ఒంట్లో నీళ్లు తగ్గితే కిడ్నీలు రోజుల్లో దెబ్బతినొచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష లేకుండా నొప్పి మాత్ర అలవాటు చేసుకోవడం చాలా ప్రమాదం.

పేరులేని పొట్లాల్లో ఇచ్చే మందు, వేసుకున్న పూటే నొప్పి మాయం చేసే ఇంజెక్షన్ అయితే స్టెరాయిడ్ ఉందేమో అడగండి. నెలల తరబడి వాడితే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అప్పటికే నెలలుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే, డాక్టరు పర్యవేక్షణలో తగ్గించుకుంటూ రావాలి.

గౌట్ ఉన్నవాళ్లకు ఒక మాట: యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ లేదా ఫెబుక్సోస్టాట్ ముందు నుంచీ వాడుతుంటే నొప్పి వచ్చిందని ఆపవద్దు. వాడనివాళ్లు నొప్పి మధ్యలో సొంతంగా మొదలుపెట్టవద్దు.

## 7. డాక్టరు దగ్గర

వారం దాటినా వాపు తగ్గకపోతే, తగ్గి మళ్లీ వస్తుంటే, నడుస్తుంటే మోకాలు జారిపోతున్నట్టు ఉంటే వెళ్లాలి. టేపు కొలతలు, వాపు ఫొటోలు, మందుల అట్టలు తీసుకెళ్లండి.

ఎక్స్‌రే. అరుగుదల అనుమానానికి నిలబడి తీసేది కావాలి. పడుకుని తీస్తే ఎముకల మధ్య సందు ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. దెబ్బ తగిలినప్పుడు ఎక్స్‌రే తప్పనిసరి ఎవరికంటే: 55 ఏళ్లు లేదా అంతకు పైబడినవాళ్లకు, చిప్పను నొక్కితేనో మోకాలి బయటి పక్క కింద తగిలే ఎముక తలను నొక్కితేనో నొప్పి ఉన్నవాళ్లకు, మోకాలు 90 డిగ్రీలు వంచలేనివాళ్లకు, నాలుగు అడుగులు వేయలేనివాళ్లకు.

ఎంఆర్ఐ. లిగమెంటు, మెనిస్కస్ అనుమానాలకు పనికొస్తుంది. 50 దాటినవాళ్లలో నొప్పి లేని మోకాలికి తీసినా మెనిస్కస్ చిరుగులు కనిపిస్తుంటాయి. రిపోర్టులో ‘చిరుగు’ అన్న మాట చూసి ఆపరేషన్‌కు తొందరపడకండి.

నీరు తీయడం. దెబ్బ లేకుండా ఒక్క మోకాలు వేడిగా వాచితే ఈ పరీక్షను మించింది లేదు. తీసిన నీరు పారబోయకూడదు, ల్యాబుకు పంపాలి. పంపేటప్పుడు అడగాల్సినవి: తెల్లకణాల లెక్క, గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి బ్యాక్టీరియాను చూడటం), కల్చర్ (బ్యాక్టీరియాను పెంచి చూడటం), స్ఫటికాల పరీక్ష. లేత పసుపు రంగులో తేటగా ఉంటే ఎక్కువగా అరుగుదల. మసకగా ఉంటే కీళ్లవాతం, గౌట్ లేదా చీము. రక్తమైతే లోపల తెగడం, విరగడం. యాంటీబయాటిక్ నమూనా తీశాకే మొదలవ్వాలి, ముందే వేసుకుంటే కల్చర్‌లో ఏమీ పెరగక జబ్బు దాగిపోతుంది. నీరు తీస్తే మళ్లీ పడుతుందని భయపడతారు. నీరు తిరిగి పట్టేది లోపలి కారణం మిగిలి ఉన్నందుకే, సూది గుచ్చినందుకు కాదు.

రక్త పరీక్షలు. యూరిక్ యాసిడ్ గౌట్ నొప్పి ఉన్న రోజుల్లో మామూలుగానే రావచ్చు. నొప్పి తగ్గిన రెండు వారాల తరవాత మళ్లీ చేయించాలి. రుమటాయిడ్ కీళ్లవాతం కోసం చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలోనూ పాజిటివ్ రావచ్చు, అదొక్కటే చూసి కీళ్లవాతం అనుకోకూడదు.

మోకాలిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్. కొన్ని వారాల ఊరట ఇస్తుంది. షుగరున్నవాళ్లు తరవాతి వారమంతా రోజూ షుగరు చూసుకోవాలి. చీము అనుమానం ఉంటే వేయకూడదు. మోకాలు మార్పిడి మూడు నెలల్లోపు అనుకుంటే ముందే చెప్పండి.

## 8. వాపు దిగుతుండగా వ్యాయామం

మోకాలిలో నీరు చేరితే తొడ ముందు కండరం సరిగా బిగుసుకోదు, రోజుల్లోనే సన్నబడుతుంది. అది బలహీనమైతే మోకాలు మళ్లీ వాస్తుంది. ఈ చక్రం తెంచేది వ్యాయామమే. నా దృష్టిలో అరుగుదలకు ఖరీదైన గుజ్జు మాత్రల కన్నా, గ్లూకోసమైన్ కన్నా దీని మీద పెట్టే శ్రద్ధే ఎక్కువ ఫలితమిస్తుంది. ఆ మాత్రలకు గట్టి ఆధారం లేదు.

మొదటి మెట్టు (నొప్పి తగ్గుముఖం పట్టగానే)

1. కాలు చాపి, మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలిని మంచానికేసి నొక్కి 5 సెకన్లు పట్టండి. 10 సార్లు, రోజుకు మూడుపూటలా.
2. మడమను మంచం మీద జార్చుతూ మోకాలు వంచి, చాపండి. 10 సార్లు. వంచడం కన్నా పూర్తిగా చాపడం ముందు సాధించాలి.

రెండో మెట్టు (కాలు పూర్తిగా చాపగలిగాక)

3. వెల్లకిలా పడుకుని, రెండో మోకాలు మడిచి, ఈ కాలిని నిటారుగా ఒక అడుగు ఎత్తి 5 సెకన్లు. 10 సార్లు, రెండు విడతలు. ఎత్తేటప్పుడు మోకాలు వంగిపోతుంటే మొదటి మెట్టుకు తిరిగి వెళ్లండి.
4. పక్కకు పడుకుని పై కాలు ఎత్తడం, 10 సార్లు. తుంటి కండరం బలపడితే మోకాలు లోపలికి ఒరగదు.

మూడో మెట్టు (కుంటకుండా నడవగలిగాక)

5. 18 అంగుళాల ఎత్తున్న గట్టి కుర్చీ లోంచి చేతులు ఆనించకుండా లేచి, నెమ్మదిగా కూర్చోండి. 8 నుంచి 10 సార్లు. కష్టమైతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి.
6. ఒక్క మెట్టు ఎక్కి దిగడం, గోడ పట్టుకుని. 10 సార్లు.

హద్దు ఎలా తెలుస్తుంది? నొప్పిని 10కి కొలుచుకోండి. 4 లోపుంటే కొనసాగించొచ్చు. మర్నాడు పొద్దున చిప్ప మధ్య చుట్టుకొలత 1 సెంటీమీటరు పెరిగినా, నొప్పి 24 గంటల్లో తగ్గకపోయినా సగానికి తగ్గించండి, మానేయవద్దు. తొడ బలం రావడానికి కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

## 9. ఇంట్లో, పనిలో మార్పులు

- నేల మీద గొంతుకు కూర్చోవడం, బాసింపట్టు, వజ్రాసనం వాపున్నన్నాళ్లు వద్దు. కూరగాయలు తరగడం, పూజ కుర్చీలోంచి, ఎత్తు పీట మీంచి చేసుకోండి.
- మరుగుదొడ్డి గొంతుకు కూర్చునే రకమైతే పైన పెట్టే కమోడ్ కుర్చీ, గోడకు పట్టుకునే కడ్డీ. పెద్దవాళ్లున్న ఇంట్లో దీనికి పెట్టే డబ్బు మాత్రలకు పెట్టేదాని కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.
- చేతికర్ర నొప్పి లేని పక్క చేత్తో పట్టుకోవాలి. నిలబడి చెయ్యి కిందికి వదిలితే కర్ర పిడి మణికట్టు మడత దగ్గరకు రావాలి. కర్ర, నొప్పి కాలు కలిసి ముందుకు వెళ్లాలి.
- మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు కర్ర, నొప్పి కాలు ముందు.
- వరినాట్లు, కలుపు, బీడీలు చుట్టడం, మగ్గం పనుల్లో ప్రతి అరగంటకు లేచి నాలుగడుగులు వేయండి. ఒకే భంగిమలో వంగి ఉండటమే మోకాలిని ఎక్కువ బాధపెట్టేది.
- బరువు ఎక్కువున్నవాళ్లకు: ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది.
- తిరుమల మెట్ల మొక్కు ఉంటే వాపు పూర్తిగా దిగి, మూడో మెట్టు వ్యాయామం నొప్పి లేకుండా చేయగలిగాకే. అలిపిరి దారిలో 3,550 మెట్లు. మోకాలికి ఎక్కడం కన్నా దిగడం ఎక్కువ శ్రమ, కాబట్టి దిగేటప్పుడు బస్సు ఎక్కండి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకోవడం

వాచిన పిక్కను నొక్కించుకోవడం. రక్తం గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చు. ఒక్క పిక్కే వాస్తే డాప్లర్ అయ్యాకే ఎవరి చెయ్యైనా పడాలి.

నీక్యాప్ రోజంతా తొడుక్కోవడం. బిగువైతే కింద పాదం వాస్తుంది, కండరం సోమరిపోతుంది. బయటికి వెళ్లేటప్పుడు, పనిచేసేటప్పుడు మాత్రం వాడి, ఇంటికి రాగానే తీసేయండి. తీసినప్పుడు చర్మం మీద లోతైన గీతలు కనిపిస్తే ఒక సైజు పెద్దది తీసుకోండి.

నొప్పి తగ్గగానే వ్యాయామం మానేయడం. వాపు తిరిగి రావడానికి ఎక్కువగా కనిపించే కారణం ఇదే. చుట్టుకొలతలు రెండు కాళ్లకూ సమానమయ్యేదాకా, తొడ దగ్గర కొలతతో సహా, వారానికి మూడు రోజులైనా కొనసాగించండి.

ఇద్దరికీ ఒకటే మందు. పక్కింటివాళ్లకు గౌట్‌కి పనిచేసిన మాత్ర మీ అరుగుదలకు పనికిరాదు. అట్ట చేతికిచ్చినా తీసుకోకుండా, మీ కొలతల కాగితంతో మీ డాక్టరునే అడగండి.

పూర్తిగా తగ్గకముందే ఆటకు దిగడం. మోకాలు చాపడం, వంచడం రెండో కాలితో సమానం కావాలి. ఒంటికాలి మీద నిలబడి పది చిన్న గెంతులు నొప్పి లేకుండా వేయగలగాలి. మర్నాడు పొద్దున టేపు కొలత పెరగకూడదు. వీటిలో ఏది తప్పినా ఇంకో రెండు వారాలు మూడో మెట్టు వ్యాయామమే చేసి, అప్పుడు మళ్లీ చూసుకోండి.